కత్తిరించిన రోడ్డు

మా ఆఫీసులో నీళ్ళకి రంగులుంటాయి. లేత నీలమంటే చీలమండ దాకా వస్తాయని. ముదురు నీలమంటే నడుం దాకా. నల్లబడిపోయిన నీలమంటే మనిషి మునిగేంత. ఊరి మధ్య నుంచి పోయే వాగుకి వరద వస్తే ఏ వీధిలో ఎన్ని నీళ్ళు నిలుస్తాయో మ్యాపు గీయడం మా పని. ఆ రోజు కంప్యూటర్‌లో వాగు మీద ఒక పెద్ద వాన కురిపించి, అది లెక్కలు వేసుకునే లోపు టీ తెచ్చుకుందామని లేచాను. తిరిగొచ్చి చూస్తే పెద్ద రోడ్డు వెనక ఒక చెరువు కూర్చుని ఉంది.

లేనిచోట చెరువు. మా అక్క డే కేర్ నడిపే వీధి అందులో ఉంది. ఆ వీధి చివర, రోడ్డు కట్ట కింద ఉండే కమ్యూనిటీ హాలూ అందులోనే ఉంది. హాలు దగ్గర రంగు నల్లగా ఉంది. టీ కప్పు ఎక్కడ పెట్టానో కూడా తెలీదు, తర్వాత కీబోర్డు పక్కన చల్లారిపోయి దొరికింది.

మా సార్ నా వెనక నిలబడి కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. ఆయనకి అన్నిటికీ నవ్వొస్తుంది, అదొక జబ్బు.

"ఏమ్మా, కొత్త చెరువు తవ్వించావా? బాగుంది, పడవలు తిప్పుదాం."

"నవ్వకండి సార్. నీళ్ళు రోడ్డు దగ్గర ఆగిపోయాయి."

"ఆగక ఏం చేస్తాయి? అక్కడ మూడు కళ్ళ వంతెన ఉంది. నువ్వు కత్తిరించలేదు."

ఈ కత్తిరింపు సంగతి చెప్పాలి. నేల ఎత్తుపల్లాలన్నీ విమానం పైనుంచి కొలిచి మాకు ఇస్తారు. పైనుంచి చూసే విమానానికి రోడ్డు కనిపిస్తుంది గానీ, రోడ్డు కింద వంతెనకున్న కన్నాలు కనిపించవు. అందుకని కంప్యూటర్ దృష్టిలో ప్రతి రోడ్డూ ఒక గోడే. వాగు వచ్చి ఆ గోడకి కొట్టుకుని వెనక్కి తిరిగి ఊళ్ళో చెరువు కడుతుంది. అది ఉత్తుత్తి చెరువు. మేము వంతెన ఉన్నచోట రోడ్డుని కంప్యూటర్‌లో అడ్డంగా కోసేసి నీళ్ళకి దారి ఇస్తాం. వాగు పొడుగునా అలా ఎన్ని వంతెనలు కోశామో. ఈ పనిలో మా జట్టులో ఒకడికి చెయ్యి ఎంత తిరిగిపోయిందంటే వాడి అసలు పేరు పోయి కత్తెర అన్న పేరు మిగిలింది. రోడ్డు వెనక చెరువు కనబడగానే మాకెవరికీ అనుమానం రాదు. వంతెన మర్చిపోయాం అనుకుంటాం, కోసేస్తాం. పదిసార్లలో తొమ్మిదిసార్లు అదే నిజం కూడా.

"ఆ వంతెన కింద ఖాళీగానే ఉందా సార్?" అని అడిగాను.

"ఫొటో ఉందిగా."

ఫొటో ఉంది. కత్తెర వేసవిలో వెళ్ళి తీసుకొచ్చాడు. వాగు పల్లం వైపు నుంచి తీసినది. మూడు కళ్ళూ విశాలంగా తెరుచుకుని ఉన్నాయి, నడిమి దాన్లో నీడపట్టున ఒక కుక్క పడుకుని ఉంది. ఎగువ వైపు ఏదో లారీల షెడ్డు కంచె అడ్డముంది, దాని మీద ముళ్ళపొదలు. "ఇటు మూడుంటే అటూ మూడే ఉంటాయి, సొరంగం మధ్యలో పిల్లల్ని కంటుందా ఏంటి" అన్నాడు వాడు. నాకూ నవ్వొచ్చింది. రోడ్ల వాళ్ళ పాత డ్రాయింగులోనూ మూడే ఉన్నాయి.

రోడ్డు మీద గీత లాగి, నొక్కి, కోసేశాను. మళ్ళీ వాన కురిపించాను. సింకులో బిరడా తీసినట్టు ఆ చెరువంతా దిగిపోయింది. అక్క వీధి తెల్లగా బయటపడింది. హాలు తెల్లగా బయటపడింది. ప్రాణం లేచొచ్చింది.

"చూశావా, ఊరిని కాపాడేశావు" అన్నారు సార్.

వరదొస్తే జనం ఎక్కడికి పోవాలో కూడా మ్యాపులో చూపించాలి. వాటికి పచ్చరంగు వేస్తాం. ఆ చుట్టుపక్కల అంత పెద్ద గది మరొకటి లేదు, వెడల్పాటి తలుపులున్నాయి, నీళ్ళు రావని లెక్క చెబుతోంది. హాలుకి పచ్చరంగు వేశాం. మ్యాపు మీద సంతకాలయ్యాయి, అచ్చయింది, వీధి వీధికీ అంటించారు.

మా అక్క ఒకటి అంటించుకుని ఊరుకోలేదు. రెండు తెచ్చుకుంది. ఒకటి గుమ్మం పక్కన వచ్చే తల్లిదండ్రుల కోసం, రెండోది లోపల, పిల్లల కంటి ఎత్తులో. మాకు అమ్మ చిన్నప్పుడే పోయింది. నాకు జడ వేసింది, లెక్కలు నేర్పింది, పరీక్షల రోజుల్లో పక్కన కూర్చుని కునికిపాట్లు పడింది అంతా అక్కే. తను చదువు మానేసి నన్ను చదివించింది. ఆ నేరానికి ఇప్పుడు నేనేం చెప్పినా నమ్ముతుంది. ఎండ కాస్తుంటే గొడుగు తీసుకెళ్ళమన్నా తీసుకెళ్తుంది, వాన పడకపోతే వాననే తప్పుబడుతుంది. అంత నమ్మకం నా నెత్తిన బరువనిపించి చాలాసార్లు విసుక్కున్నాను. ఆవిడ నవ్వేది.

"మా చెల్లి గీసింది" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేది. "ఇదిగో మనం ఇక్కడ. తెల్లగా ఉంది చూశారా? ఒకవేళ ఏదైనా అయినా, నాలుగడుగులు వేస్తే పచ్చది."

"అక్కా, నేనొక్కదాన్నీ గీయలేదు, ఆఫీసంతా గీసింది."

"ఆఫీసుకి నేను అన్నం కలిపి పెట్టలేదుగా" అనేది.

ఎనిమిది మంది పిల్లలు ఆవిడ దగ్గర. అందరూ మూడు నాలుగేళ్ళ లోపువాళ్ళే. ప్రతిదానికీ ఎందుకు అని అడిగే పిల్లకి ఎందుకమ్మ అని పేరు పెట్టాం. నిద్రలో కూడా టోపీ తియ్యనివాడు టోపీ. అక్క వాళ్ళకి వరద ఆట నేర్పింది. విజిల్ ఊదితే అందరూ ఒక తాడు పట్టుకుని వరసగా నిలబడాలి, ముందు అక్క, చివర ఆయమ్మ, నడుచుకుంటూ హాలు దాకా వెళ్ళాలి. ఆట ఎలా ఆడాలో నన్నడిగి మరీ నేర్చుకుంది. ఫోన్ సంచిలో పడెయ్, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి అని చెప్పింది నేనే. వారానికోసారి ఆడేవారు. పిల్లలు హాల్లో స్టేజీ ఎక్కి గెంతులేసి, తిరిగి వచ్చేటప్పుడు రామని ఏడ్చేవారట.

వర్షాలు మొదలయ్యాక ఒక సాయంత్రం వెళ్ళాను. అక్క ఊడుస్తూ మామూలుగా అంది, "బాత్రూంలో తూము గుడగుడలాడుతోందే. నీళ్ళు పోవాల్సింది పోయి పైకి చూస్తున్నాయి."

"పైపులో ఏదో అడ్డం పడి ఉంటుంది. ప్లంబర్ని పిలువు."

"పిలిచాను. ఏం లేదన్నాడు."

"ఇంకొకణ్ణి పిలువు" అన్నాను, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ.

ఆ ఇంటి పై అంతస్తులో ఇంటావిడ ఉంటుంది. పిల్లల గోల అంటే ఆవిడకి తలనొప్పి, బాల్కనీ లోంచి తల బయటికి పెట్టి విసుక్కోవడం ఆవిడకి కాలక్షేపం. ఆ రోజు మాత్రం నన్ను కిందనే నిలబెట్టి అడిగింది.

"అమ్మాయ్, నువ్వు వాగు పని చేసేదానివి కదా. నేను ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఉంటున్నాను. వానొస్తే వాగు చప్పుడికి నిద్ర పట్టేది కాదు. రెండేళ్ళ నుంచి చప్పుడే లేదు. ఎంత వాన పడినా నోరు మెదపడం లేదు. అదేంటి?"

"మంచిదేగా పిన్నిగారూ, నిద్రపోండి" అన్నాను.

ఆవిడ మంచిదో కాదో తేల్చుకోలేనట్టు నా వంక కాసేపు చూసి లోపలికెళ్ళిపోయింది. నేను బస్సెక్కాక ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. పారే నీళ్ళు చప్పుడు చేస్తాయి. నిలిచిన నీళ్ళు చెయ్యవు. బస్సు మలుపు తిరిగింది, ఫోన్ మోగింది, ఆ సంగతి మర్చిపోయాను.

ఆ తర్వాతి వారం తెల్లవారకముందే వాన పట్టుకుంది. చినుకులుగా మొదలై కుండపోతగా మారి ఆగే సూచనే కనిపించలేదు. పొద్దున ఆఫీసుకి వెళ్ళగానే సార్ కత్తెరనీ నన్నూ పిలిచి, ఇంత వాన మళ్ళీ దొరకదు, వాగు నిండుగా ఉన్న ఫొటోలు రిపోర్టులో వేసుకోవచ్చు, వెళ్ళి తీసుకురండి అన్నారు. జీపులో కొలత కర్ర, తాడు, రెయిన్ కోట్లు పడేసుకుని బయల్దేరాం. కత్తెర దారంతా ఈలలు వేస్తూనే ఉన్నాడు.

మూడు కళ్ళ వంతెన దగ్గర జీపు ఆపి పల్లం వైపు గోడ మీంచి తొంగిచూశాం. నాకు ముందు అర్థం కాలేదు. వాగు దాదాపు ఎండిపోయి ఉంది. అంటే పూర్తిగా కాదు, మూడు కళ్ళలో ఒకదాంట్లోంచి మోకాటి లోతు బురద నీళ్ళు కక్కినట్టు వస్తున్నాయి. మిగతా రెండింటి ముందు నేల తడిసిందంతే.

"పైన వాన పడలేదేమో" అన్నాడు కత్తెర.

"ఊరంతా పడుతోంది కదరా."

రోడ్డు దాటి ఎగువ వైపు వెళ్ళాం. లారీల షెడ్డు కంచె కనిపించింది. కంచె కాదు, కంచె పై అంచు కనిపించింది. ముళ్ళపొదల కొసలు నీళ్ళ మీద తేలుతున్నాయి. అవతల ఎటు చూసినా మట్టిరంగు నీళ్ళు, కదలకుండా, చప్పుడు లేకుండా. వాటి మీద వాన చినుకుల గుంటలు తప్ప అలే లేదు. రోడ్డుకి ఆ పక్కన ఎండు వాగు, ఈ పక్కన చెరువు. ఈ చెరువుని నేనింతకుముందు చూశాను. అంచులు ఎక్కడ వంకర తిరుగుతాయో కూడా నాకు తెలుసు.

కత్తెర ఈల ఆగిపోయింది. వాడు పల్లం వైపు దిగి, ఫోన్ లైటు వేసుకుని నీళ్ళు రాని కన్నంలోకి వంగి దూరాడు. నేను పైన పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను. లోపల్నుంచి వాడి గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"గోడుంది."

"ఏం గోడ?"

"ఇటుక గోడ. పూర్తిగా కట్టేశారు. పక్కదీ అంతే. మూడోదాంట్లో పెద్ద పైపు అడ్డంగా వేశారు, దానికి పరుపులూ కొమ్మలూ పట్టుకున్నాయి." కాసేపాగి, "గోడ చెమరుస్తోందే" అన్నాడు.

పైన రోడ్డు కుంగకుండా ఎవరో ఎప్పుడో మరమ్మతు చేసి లోపల గోడలు లేపారు. పని అయ్యాక తియ్యలేదో, తియ్యాలని ఎవరికీ గుర్తులేదో. రోడ్డు బాగుంది. బళ్ళు పోతున్నాయి. కింద సంగతి ఎవరిక్కావాలి? కంప్యూటర్ రోడ్డుని గోడ అనుకుంది. అది నిజంగానే గోడ. కంప్యూటర్‌ని నమ్మకుండా మేము ఫొటోలోని కుక్కని నమ్మాం.

సార్‌కి ఫోన్ చేశాను. ఈసారి ఆయన నవ్వలేదు.

"ఫొటోలు తియ్యండి. మ్యాపు మార్చేద్దాం."

"మ్యాపు తర్వాత మార్చుకోవచ్చు సార్!" గట్టిగా అరిచాను. రోడ్డు మీద ఎవరో ఆగి చూశారు. "హాలు! హాలుకి పచ్చరంగు వేశాం. జనం హాలుకి పోతారు!"

"అవును" అన్నారాయన, చాలా చిన్న గొంతుతో. "కంట్రోల్ రూంకి నేను చెబుతాను. నువ్వు మీ అక్కకి చెప్పు."

అక్కకి చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఆయమ్మకి ఫోనే లేదు. అక్క ఎత్తకపోవడం అంటూ ఉండదు, నా ఫోనంటే పొయ్యి మీద పాలు వదిలేసి ఎత్తుతుంది. నాలుగోసారి మోగుతుంటే తట్టింది, ఫోన్ సంచిలో ఉంది. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.

"నువ్వు తాడు తీసుకుని కట్ట మీద మెట్ల దగ్గరికి రా, హాలు ఎదురుగా ఉన్న మెట్లు" అని కత్తెరతో చెప్పి, కొలత కర్ర పట్టుకుని పరిగెత్తాను. ఎందుకైనా మంచిదని ముందు డే కేర్‌కి వెళ్ళాను. వాళ్ళింకా అక్కడే ఉంటే పై అంతస్తు ఎక్కించేస్తే సరిపోతుంది, మెట్లు పక్కనే ఉన్నాయి. వాళ్ళక్కడే ఉండాలని పరిగెత్తినంతసేపూ కోరుకున్నాను.

వీధిలో నీళ్ళు పిక్కల దాకా ఉన్నాయి. డే కేర్ తలుపుకి తాళం వేసి ఉంది. చిన్న చెప్పులన్నీ ఎత్తి కిటికీ గట్టు మీద వరసగా పెట్టి ఉన్నాయి, తడవకుండా. మా అక్క పద్ధతి అది.

"వెళ్ళిపోయారు" అంది ఇంటావిడ బాల్కనీ లోంచి. ఆవిడ జుట్టు తడిసి మొహానికి అంటుకుపోయింది. "బాత్రూంలోంచి నీళ్ళు పొంగాయంట. ఈల ఊదింది, వరసకట్టి తీసుకెళ్ళింది. నేను చెప్పానమ్మా, గోల చేస్తే చేశారు, పైకి తీసుకురా అని చెప్పాను. వద్దంది. మా చెల్లి హాలుకే వెళ్ళమంది, మా చెల్లికి తెలుసు అంది."

నేను అప్పటికే హాలు వైపు తిరిగాను.

వీధి హాలు వైపుకి కొద్దిగా వాలి ఉంటుంది. మామూలు రోజున తెలీదు, సైకిలు తొక్కేవాళ్ళకి తెలుస్తుందంతే. ఆ రోజు అడుగడుక్కీ తెలిసింది. పిక్కలు, మోకాళ్ళు, తొడలు. హాలు దగ్గరికి చేరేసరికి కర్ర లేకుండా నిలబడలేకపోయాను. వెడల్పాటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల కుర్చీలు తేలుతున్నాయి. పిల్లలందరూ స్టేజీ మీద ఉన్నారు, తాడు ఇంకా పట్టుకునే ఉన్నారు, ఆయమ్మ వాళ్ళ చేత చప్పట్లు కొట్టిస్తోంది. నీళ్ళు స్టేజీ అంచుకి జానెడు కింద ఉన్నాయి.

అక్క నన్ను చూసింది. ఆ మొహం నేను బతికున్నంత కాలం మర్చిపోలేను. పరీక్షల్లో నాకు ఫస్టొచ్చిన రోజున అలా నవ్వింది.

"వస్తావని తెలుసు. అందర్నీ తెచ్చేశానే చిట్టీ. ఒక్కడూ ఏడవలేదు తెలుసా? నువ్వు చెప్పినట్టే, ఒక్కటి కూడా తప్పలేదు."

స్టేజీ ఎక్కి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పిల్లలు వినకుండా ఎలా చెప్పాలో తెలీలేదు.

"ఇక్కడ కాదక్కా. పదండి, ఇక్కణ్ణుంచి పోవాలి."

"ఎక్కడికి?"

"రోడ్డు మీదికి. ఇంటికన్నా అదే దగ్గర. మ్యాపు తప్పు."

అక్క నవ్వు వెంటనే పోలేదు, పోవాలని దానికింకా తెలీనట్టు కాసేపు అలాగే ఉంది.

"తప్పంటే?"

"వంతెన కింద గోడ కట్టేశారు. మాకు తెలీదు. నీళ్ళు పోవడానికి దారి లేదు. ఈ హాలు మునుగుతుంది."

"ఎంత దాకా?"

ఆ రంగు నా కళ్ళ ముందే ఉంది. "మనిషి మునిగేంత."

ఆయమ్మ చప్పట్లు ఆపేసింది. అక్క పైకి చూసింది. రేకుల కప్పు, మెట్లు లేవు, కిటికీలకి ఇనుప చువ్వలు. తర్వాత తలుపు లోంచి బయటికి చూసింది. రోడ్డు కట్ట ఎదురుగానే ఉంది, మెట్లు రెండు లైటు స్తంభాల అవతల. మధ్యలో అంతా మట్టినీళ్ళు.

"రోడ్డు మునగదని ఎలా తెలుసు?"

"మొదటి లెక్కలో రోడ్డెక్కలేదు."

"ఏది మొదటి లెక్క?"

"తీసేసిన లెక్క."

"ఎవరు తీసేశారు?"

"నేనే."

అక్క నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది. కోపంగా కాదు. కోపమైతే బాగుండేది, తిట్టినా భరించేదాన్ని. ఆవిడ ఎనిమిది మంది పిల్లల వైపు చూసి, నా వైపు చూసి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ నన్ను అడగని మాట అడిగింది.

"ఖాయమేనా?"

"ఖాయమే అక్కా."

"ఈ హాలు కూడా ఖాయమేనన్నావుగా."

మధ్యలో డ్రైనేజీ మూతలు తెరుచుకుని ఉంటే? ఏదైనా గుంత ఉంటే? అది మ్యాపులో ఉండదు. నాకు తెలిసింది మ్యాపులో ఉన్నదే. నీళ్ళు స్టేజీ అంచు తాకాయి, ఒక బొమ్మ కారు కదిలి తేలింది, టోపీ దానికోసం వంగాడు, ఆయమ్మ వాణ్ణి వెనక్కి లాగింది.

"నువ్వు ఇద్దర్ని ఎత్తుకెళ్ళు" అంది అక్క. గొంతులో వణుకు లేదు. "నువ్వు చేరడం నేను చూడాలి. చూశాకే మిగతావాళ్ళని దింపుతాను."

"అంతసేపు ఆగితే నీళ్ళు పెరుగుతాయక్కా. అందరం ఒకేసారి..."

"వీళ్ళు నా పిల్లలు కారే. సాయంత్రం అమ్మలొస్తారు." అంతే అంది.

వాదించలేదు. వాదించడానికి టైం లేదు, మొహం అంతకన్నా లేదు. ఎందుకమ్మని భుజాల మీద కూర్చోబెట్టుకున్నాను, టోపీని చంకనెత్తుకున్నాను, కర్ర పట్టుకుని దిగాను. నీళ్ళు నడుం దాటాయి. చల్లగా, చిక్కగా, డ్రైనేజీ కంపు కొడుతూ. ప్రతి అడుగుకీ ముందు కర్ర పొడిచి, నేల తగిలాకే కాలు వేశాను. ఒకచోట కర్ర దిగిపోతూనే ఉంది, తగల్లేదు. పక్కకి జరిగి చుట్టూ తిరిగి వెళ్ళాను.

"ఎందుకు పక్కకెళ్తున్నాం?" అంది ఎందుకమ్మ నా జుట్టు పట్టుకుని.

"గుంతుంది."

"ఎందుకుంది?"

"గట్టిగా పట్టుకో తల్లీ."

మొదటి లైటు స్తంభం దాటాం. రెండోది దాటాం. కత్తెర మెట్ల మీద నడుం దాకా నీళ్ళలోకి దిగి చెయ్యి చాచి నిలబడ్డాడు, తాడు రెయిలింగ్‌కి కట్టి. వాడి మొహం సున్నం కొట్టినట్టుంది. టోపీని అందుకున్నాడు, ఎందుకమ్మని అందుకున్నాడు, పైనున్న ఎవరో లారీ డ్రైవరు వాళ్ళని తీసుకుని క్యాబిన్‌లో కూర్చోబెట్టాడు. కాలికింద రాతి మెట్టు గట్టిగా తగిలింది. రోడ్డు పొడిగా ఉంది, అంటే వానతో తడిసిందే గానీ నీళ్ళెక్కలేదు. లెక్క సరిగ్గానే ఉంది. తీసేసిన లెక్క.

వెనక్కి తిరిగాను.

అక్క హాలు గుమ్మంలో నిలబడి ఉంది. కదల్లేదు. చంకలో ఒక పిల్ల, భుజం మీద ఒకడు, పిల్లల్ని ఎత్తుకుని సిద్ధంగా ఉంది, అయినా ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. అంత వానలో రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తోంది. నా కాళ్ళు మెట్ల మీద పడ్డాయో లేదో చూస్తోంది. నా మాట మీద ఎండలో గొడుగు పట్టుకుని నడిచిన మనిషి.

రెండు చేతులూ పైకెత్తి ఊపాను. "రా అక్కా!" అని అరిచాను. వినిపించదని తెలిసినా అరిచాను.

అప్పుడు తల తిప్పి లోపల ఆయమ్మకి ఏదో చెప్పింది. గుమ్మం దిగింది. నేను దిగినప్పుడు అక్కడ నీళ్ళు నా నడుం మీదికి వచ్చాయి. ఇప్పుడు అక్క ఛాతీ దాకా ఉన్నాయి. అక్క నాకంటే పొట్టిది. ఆవిడ చేతిలో కర్ర లేదు. గుంత ఎక్కడుందో ఆవిడకి తెలీదు.

తాడు రెండో కొస నడుముకి కట్టుకుని మళ్ళీ నీళ్ళలోకి దిగాను.